గోడలో నిలబడ్డవాళ్ళు

గురీందర్ చడ్ఢా 2002లో తీసిన ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’ని నాలాంటి అధ్యాపకులు చాలామంది స్త్రీవాద పాఠ్యంగా తరగతుల్లో చెప్పారు. లండన్ శివారు హౌన్‌స్లోలో పెరిగిన పంజాబీ అమ్మాయి జెస్‌కి ఫుట్‌బాలంటే ప్రాణం. ఆమెకి వంటా వార్పూ నేర్పి ఒక ఇంటిదాన్ని చెయ్యాలని వాళ్ళమ్మ తాపత్రయం. అక్క పెళ్ళిరోజే ఫైనల్ మ్యాచ్ పడుతుంది. తండ్రి సరేననడంతో జెస్ పెళ్ళి మధ్యలోంచి మైదానానికి పరుగెత్తుతుంది. ఆట చివర్లో ఆమెకి ఫ్రీకిక్ వస్తుంది. ఎదుటి జట్టు అమ్మాయిలు గోల్‌కి అడ్డంగా గోడ కట్టి నిలబడతారు. జెస్ కళ్ళకి మాత్రం ఆ గోడలో అమ్మా, అక్కా, బంధువుల ఆడవాళ్ళూ పెళ్ళిబట్టల్లో నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. బంతిని వాళ్ళని తప్పించి, వంపు తిప్పి, గోల్‌లోకి కొడుతుంది. తరగతిలో ఈ దృశ్యం దగ్గర ఏ ఏడాదైనా చప్పట్లే.

దృశ్యం తెలివైనది, నవ్విస్తుంది కూడా. కానీ అది వేసే లెక్క చూడండి. ఈ సినిమాలో వెళ్ళమని అనుమతి ఇచ్చేది తండ్రి. నమ్మి ఆడించేది మగ కోచ్. అడ్డంగా నిలబడేది ఆడవాళ్ళు. పితృస్వామ్యం అంత పెద్ద భవనం కట్టుకుని లోపల కూర్చుంటే బయట కాపలాకి అమ్మనీ అత్తనీ నిలబెట్టి, వాళ్ళని దాటితే చాలు స్వేచ్ఛ వచ్చేసినట్టేనని చెప్పడం మనకు కొత్త కాదు. మన కథల్లోనూ గయ్యాళి అత్తలు ఈ పని చాలాకాలం చేశారు. ఈ విమర్శ వరకూ చాలామంది వచ్చారు. నాకు ఇంకో సందేహం ఉంది. ఆ గోడలో నిజంగా నిలబడ్డ అమ్మాయిలు ఎవరు? వాళ్ళూ ఏదో ఒక ఇంట్లో ఎవరికో ఎదురుచెప్పి వచ్చినవాళ్ళే అయివుండాలి కదా. కెమెరా వాళ్ళ ముఖాల మీద పెళ్ళివాళ్ళ ముఖాలు అతికించేసింది. ఆ తర్వాత వాళ్ళ గురించి మనకేమీ తెలియదు.

సినిమాకి డిఫెండర్ అక్కర్లేదు. సినిమాకే కాదు, పత్రికకి, ఆత్మకథకి, ఆఖరికి గణాంకాల పట్టికకి కూడా అక్కర్లేదు. ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఫార్వర్డ్ పని గోల్ కొట్టడం, అది జరిగితే అందరికీ కనిపిస్తుంది. డిఫెండర్ పని గోల్ జరగకుండా చూడటం. ఎదుటి అమ్మాయికి బంతి అందకముందే ఆమె రాబోయే దారిలో వెళ్ళి నిలబడితే ఆ బంతి అసలు ఆ వైపు రాదు. అంటే పని ఎంత బాగా చేస్తే అంత తక్కువ కనిపిస్తుంది. కాళ్ళ మీద పడి, జారి, బురదలో దొర్లి బంతి లాక్కున్నప్పుడు ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. చాలాసార్లు ఆ దొర్లడం అవసరమైందంటే అంతకుముందు ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. నలుగురూ ఒకే గీత మీద కదిలి ఎదుటివాళ్ళని ఆఫ్‌సైడ్‌లో పెట్టడం పూర్తిగా చదువు, ఊహ, మాటల పని. వెనక ఉన్నవాళ్ళు ఆటంతా మాట్లాడుతూనే ఉంటారు. ఆ మాటలు మైదానం బయటికి వినిపించవు.

మా అక్క కూతురు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో పెరిగింది. అక్కడ మన తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్లకి కూచిపూడి, గణితం, సాకర్ మూడూ ఉంటాయి. ఎనిమిదో తరగతి దాటేసరికి సాకర్ జారిపోతుంది. ఈ పిల్లకి జారలేదు. ఎడమవైపు వెనక ఆడేది. శనివారం పొద్దున మడతకుర్చీ వేసుకుని కూర్చున్న అక్క, “ఎప్పుడూ వెనకే ఉంటావేమే, ఒక్కసారి ముందుకెళ్ళి గోల్ కొట్టొచ్చు కదా” అనేది. “వెనకుంటేనే ఆటంతా కనిపిస్తుందమ్మా” అనేది అది. తర్వాత ఒక చిన్న కాలేజీలో చేరింది. అమెరికా కాలేజీ క్రీడల్లో మూడో డివిజన్ అంటారు, ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వని శ్రేణి. నాలుగేళ్ళు ఆడింది. తర్వాత ఒక వేసవి జీతంలేని లీగులో, ఆపైన ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాల జట్టులో. ఈ సినిమా గురించి రాస్తున్నానంటే, గోడలో నిలబడ్డప్పుడు బంతి ముఖానికే వస్తుందని తెలిసీ కళ్ళు మూసుకోకూడదు, అది నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అది రాయి పిన్నీ అంది.

దాని కాలేజీ రికార్డు చూశాను. ఆడిన మ్యాచ్‌లు, మొదటి నుంచీ దిగిన మ్యాచ్‌లు, గోల్స్ 0, అసిస్ట్ 1, పాయింట్లు 1. అక్కడి కాలేజీ లెక్కలో గోల్‌కి రెండు పాయింట్లు, గోల్‌కి దారితీసిన పాస్‌కి ఒకటి. గోల్‌కీపర్ ఆపిన బంతులకి ఒక గడి ఉంది. డిఫెండర్ అడ్డుకున్న దారికి గడి లేదు. నాలుగేళ్ళ జీవితం, ఒక పాయింటు. స్త్రీల సాహిత్య చరిత్ర మీద పనిచేసిన ఎవరికైనా ఈ పట్టిక వెంటనే అర్థమవుతుంది. సమాధానం లేకపోవడం కాదు, గడి లేకపోవడం. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చేసిన పని ఇదే. తెలంగాణ పోరాటంలో దళాలకి అన్నం వండినవాళ్ళనీ, ఉత్తరాలు మోసినవాళ్ళనీ, ఇంట్లో దాచినవాళ్ళనీ కూర్చోబెట్టి అడిగేదాకా వాళ్ళు ఉద్యమ చరిత్రలో ఏ గడిలోనూ లేరు. పోరాటానికీ ఆటకీ పోలిక తెస్తున్నానని కోప్పడకండి. పోలిక పనుల మధ్య కాదు, లెక్క రాసే పద్ధతుల మధ్య.

డిఫెండర్ పేరు పట్టికలోకి వచ్చే సందర్భాలు లేకపోలేదు. పసుపు కార్డు, ఎర్ర కార్డు, సెల్ఫ్ గోల్. అంటే తప్పు చేసినప్పుడు. కొలంబియా డిఫెండర్ ఆంద్రేస్ ఎస్కోబార్‌ని ప్రపంచం గుర్తుపెట్టుకున్నది 1994లో కాలిఫోర్నియాలోని రోజ్‌బౌల్ స్టేడియంలో అమెరికాతో మ్యాచ్‌లో అతని కాలికి తగిలి సొంత గోల్‌లోకి పోయిన బంతితోనే. పది రోజులకి సొంత ఊరు మెదెయిన్‌లో అతన్ని కాల్చి చంపారు.

అయిదేళ్ళ తర్వాత అదే రోజ్‌బౌల్‌లో, 1999 జులై 10న, 90,185 మంది ముందు స్త్రీల ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. అమెరికా, చైనా. 120 నిమిషాలు ఒక్క గోల్ లేదు. పెనాల్టీల్లో అయిదోది బ్రాండీ చాస్టెయిన్ ఎడమకాలితో కొట్టింది, అమెరికా గెలిచింది. ఆమె చొక్కా విప్పి మోకాళ్ళ మీద కూలబడి పిడికిళ్ళు బిగించిన ఫొటో చూడనివాళ్ళు తక్కువ. ఆ ఫొటో మీద స్త్రీవాదులు చాలా రాశారు: దేహం ఎవరిది, మగవాడు చొక్కా విప్పితే ఆనందం, స్త్రీ విప్పితే వార్త ఎందుకు, లోదుస్తుల కంపెనీకి దొరికిన ఉచిత ప్రచారమా, విముక్తా. ఆ చర్చంతా అవసరమే. దానిలో ఒక చిన్న విషయం మాత్రం మరుగున పడింది. ఆ మనిషి డిఫెండర్. ఆ 120 నిమిషాలు ఆమె, కార్లా ఓవర్‌బెక్, జాయ్ ఫాసెట్ లాంటి వెనకవరస స్త్రీలు చైనాకి గోల్ ఇవ్వకుండా నిలబడ్డారు కాబట్టే పెనాల్టీల దాకా వచ్చింది. అదనపు సమయంలో గోల్‌గీత మీద నిలబడి క్రిస్టీన్ లిల్లీ తలతో బంతిని బయటికి కొట్టకపోతే ఆ ఫొటో లేదు. చైనా క్రీడాకారిణి కొట్టిన మూడో పెనాల్టీని గోల్‌కీపర్ బ్రయానా స్కరీ ఆపకపోయినా లేదు. అమెరికా తరఫున మొదటి పెనాల్టీ ఓవర్‌బెక్, రెండోది ఫాసెట్ కొట్టారు. ఇద్దరూ డిఫెండర్లే, ఇద్దరూ అప్పటికే తల్లులు.

చాస్టెయిన్ జీవితాన్ని ఆ ఒక్క క్షణం నుంచి విడదీసి చదివితే ఇంకో మనిషి కనిపిస్తుంది. శాన్‌హోసే అమ్మాయి. బర్కిలీలో చదువు మొదలుపెట్టి, రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయి, రెండు సీజన్లు పోగొట్టుకుని శాంటాక్లారా విశ్వవిద్యాలయానికి మారింది. అప్పుడు ఆమె ఫార్వర్డ్. 1991లో మెక్సికో మీద ఒకే మ్యాచ్‌లో వరసగా అయిదు గోల్స్ కొట్టింది. ఆ ఏడే చైనాలో జరిగిన మొదటి ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. తర్వాత జట్టులో చోటు పోయింది. 1993లో జపాన్ వెళ్ళి అక్కడి క్లబ్బుకి ఆడింది. 1995 ప్రపంచకప్‌కి ఆమెని తీసుకోలేదు. 1996 ఒలింపిక్స్ నాటికి తిరిగి వచ్చింది, అయితే ఫార్వర్డ్‌గా కాదు. వెనక ఆడతానంటేనే చోటు. ఒకప్పుడు ఒకే మ్యాచ్‌లో అయిదు గోల్స్ కొట్టినామె ఆ తర్వాత జీవితమంతా గోల్స్ జరగకుండా చూసే పనిలో ఉంది. ఇరవై ఏడేళ్ళ వయసులో ఒక పనిని మొదటి నుంచి నేర్చుకోవడం ఎలాంటిదో, అది అవమానమో ఆనందమో, వెనక నుంచి చూస్తే తను ఆడిన ఆటే ఎలా కనిపించిందో ఆమె రాసివుంటే, స్త్రీల శ్రమ గురించి మనకున్న గొప్ప పుస్తకాల్లో అదొకటి అయ్యేది.

ఆమె 2004లో పుస్తకం తెచ్చింది. పేరు ‘ఇట్స్ నాట్ అబౌట్ ద బ్రా’. మీరు అడగబోయేదానికి ముందే జవాబు చెప్పే పేరు. పిల్లల్ని ఆటలకి పంపే తల్లిదండ్రులకీ కోచ్‌లకీ చెప్పిన మంచిమాటల పుస్తకం అది: నిజాయితీగా ఆడండి, ఆనందంగా ఆడండి. తప్పులేదు. కానీ బ్రా గురించి కాదంటూనే పుస్తకం పేరు బ్రా పట్టుకునే రావలసి వచ్చింది. స్త్రీ తన పని గురించి మాట్లాడాలంటే ముందు తన దేహం గురించి లోకం అనుకున్నదానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. మన రచయిత్రులకి ఇది చెప్పక్కర్లేదు.

ఆ ప్రపంచకప్‌లోనే క్వార్టర్ ఫైనల్లో, జర్మనీ మీద, మొదలైన అయిదు నిమిషాలకే ఆమె వెనక్కిచ్చిన బంతి సొంత గోల్‌లోకి పోయింది. కెప్టెన్ ఓవర్‌బెక్ వచ్చి ధైర్యం చెప్పింది. రెండో సగం మొదట్లో చాస్టెయినే గోల్ కొట్టి స్కోరు సమం చేసింది, 3-2తో జట్టు గెలిచింది. ఇది అందరూ ప్రాయశ్చిత్త కథగా చెబుతారు: తప్పు చేసింది, సరిదిద్దుకుంది. నాకు ఆ రెండిటి మధ్య నలభై నిమిషాల మీద ఆసక్తి. తప్పు నెత్తిన పెట్టుకుని, గోల్ కొట్టే చోటు కాని చోట, మళ్ళీ అదే పని చేస్తూ ఉండాలి. ఆ నలభై నిమిషాలకి కథనంలో చోటు లేదు. డిఫెండర్ జీవితం మాత్రం అక్కడే ఉంది.

ఓవర్‌బెక్ నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళూ, 1986 నుంచి 89 దాకా, నాలుగు జాతీయ కాలేజీ టైటిళ్ళు గెలిచిన జట్టులో ఉంది. తర్వాత డ్యూక్ విశ్వవిద్యాలయంలో సహాయ కోచ్‌గా పనిచేస్తూనే దేశానికి ఆడింది. ఆమె పేర గొప్పగా చెప్పే రికార్డు ఒకటుంది: వరసగా 63 మ్యాచ్‌లు ఆడటం. జాయ్ ఫాసెట్ గురించి చెప్పేదీ అదే: 1995, 1999, 2003 ప్రపంచకప్‌లలో ప్రతి నిమిషం మైదానంలో ఉంది. ఆమెకి 1994లో, 1997లో, 2001లో ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. అంటే ప్రతి రెండు కప్‌ల మధ్య ఒక కాన్పు. పసిపిల్లల్ని వెంటబెట్టుకుని ప్రయాణించే హక్కు, వాళ్ళని చూసుకునే మనిషి ఖర్చు సమాఖ్య భరించే ఏర్పాటు ఈ వెనకవరస తల్లుల వల్లే ఒప్పందాల్లోకి వచ్చాయి. ఇది ఏ గోల్‌కీ తక్కువ కాదు. అయితే ఆ రికార్డు భాషని గమనించండి. ఫార్వర్డ్‌ని ఎన్ని కొట్టిందని మెచ్చుకుంటారు. డిఫెండర్‌ని ఒక్కరోజూ మానలేదని మెచ్చుకుంటారు. మన ఇళ్ళల్లో పోయిన అమ్మల గురించి “ఒక్కరోజు మంచానపడి ఎరగదు” అంటాం చూడండి, ఆ మెప్పుకి దగ్గరి చుట్టం ఇది. ఆమె ఏం చేసిందో తెలియదు, లేకుండా మాత్రం ఎప్పుడూ లేదు.

ఇక్కడ ఒక మాట. డిఫెండర్ అంటే గృహిణి అన్న సమీకరణం చాలా సులువుగా వచ్చేస్తుంది, అందుకే దాన్ని నేను పూర్తిగా నమ్మను. ఇంటిచాకిరీ చేసే స్త్రీ దాన్ని ఎంచుకోలేదు, ఆమె పక్కన ఆ పని తెలిసిన మరో ముగ్గురు నిలబడి లేరు. డిఫెండర్ పక్కన ఉన్నారు. ఆమె పని ప్రేక్షకులకి కనిపించకపోయినా తోటివాళ్ళకి కనిపిస్తుంది, ప్రతి క్షణం. ఓవర్‌బెక్ విలువ జట్టులో అందరికీ తెలుసు, వార్తాపత్రికకే తెలియలేదు. కనుక దీన్ని త్యాగం అనే ఖాతాలో వెయ్యకూడదు. త్యాగం అన్నామంటే మళ్ళీ ఆ పనిలోని తెలివి మాయమైపోతుంది.

సినిమా చివర్లో జెస్‌కీ, ఆమె స్నేహితురాలు జూల్స్‌కీ స్కాలర్‌షిప్ వస్తుంది. ఏ విశ్వవిద్యాలయానికి? శాంటాక్లారాకే, చాస్టెయిన్ చదివినచోటికే. హీత్రో విమానాశ్రయంలో కథ ముగుస్తుంది. అమెరికాలో స్త్రీలకి ప్రొఫెషనల్ లీగు ఉందని జూల్స్ ముందే చెప్పింది, నిజమే, 2001లో మొదలైంది. వీళ్ళిద్దరూ 2002లో చేరారనుకుంటే రెండో ఏడు చదువుతుండగా, 2003 సెప్టెంబరులో, ప్రపంచకప్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు ఆ లీగు మూతపడింది. తర్వాతది 2009లో మొదలై మూడు సీజన్లు నడిచింది. ఇప్పుడున్న ఎన్‌డబ్ల్యుఎస్‌ఎల్ 2013లో వచ్చింది. అంటే జెస్ 2006 ప్రాంతంలో పట్టా పుచ్చుకుని బయటికి వచ్చినప్పుడు అమెరికాలో ఆమె కోసం జీతమిచ్చే లీగు ఒక్కటీ లేదు. ఉన్నవి వేసవి లీగులు. కాలేజీ అమ్మాయిలు ఔత్సాహికులుగానే ఉండాలన్న నిబంధన వల్ల వాటిలో చాలామందికి జీతం ఉండేది కాదు. ఎవరింట్లోనో బస, అద్దె వ్యాను, కమ్యూనిటీ కాలేజీ మైదానం, గ్యాలరీలో ఆటగత్తెల అమ్మానాన్నలు. చాస్టెయిన్ కూడా 2009లో ఫుల్‌టైమ్ లీగులో ఆడిన తర్వాత అలాంటి వేసవి లీగులోనే కాలిఫోర్నియా స్టార్మ్‌కి ఆడింది. ఫొటోలోని మనిషే అక్కడా ఆడింది. ఫొటోగ్రాఫర్లు మాత్రం అంతదూరం రాలేదు.

1972 నాటి టైటిల్ నైన్ చట్టం అమెరికా కాలేజీల్లో ఆడపిల్లలకి మైదానాలు తెరిచింది, అది చిన్న విషయం కాదు. కాలేజీ గేటు దాటాక ఏమిటన్నది చట్టం పరిధి కాదు. విమానాశ్రయం దగ్గర ఆగిపోయే కథలన్నిటిదీ ఇదే సుఖం. మన నవలల్లో గడప దాటడం దగ్గర ఆగిపోయినవి ఎన్ని లేవు!

గ్వెండలిన్ ఆక్సెన్‌హామ్ 2017లో తెచ్చిన ‘అండర్ ద లైట్స్ అండ్ ఇన్ ద డార్క్’ ఈ ఖాళీలోకి దిగిన పుస్తకం. డ్యూక్‌లో ఆడిన మనిషి, తర్వాత బ్రెజిల్ వెళ్ళి సాంటోస్‌కి ఆడింది. వెలుగులేని చోట్ల, డబ్బు లేక ఆడే స్త్రీల గురించి రాసింది. నాకు నచ్చిన పుస్తకం. అయినా కథ అనగానే ఆమె చెయ్యి కూడా బంతి ముందుకు పోయే వైపే పోతుంది. కష్టం, పట్టుదల, తర్వాత ఒక వెలుగు. అది రచయిత్రి దోషం కన్నా కథన రూపం దోషం.

మన దేశంలో ఢిల్లీ అమ్మాయి దాలిమా ఛిబ్బర్ ఉంది. జెస్ కథకి అసలైన వాస్తవ రూపం ఈమెది. భారత జట్టు డిఫెండర్. కెనడా వెళ్ళి మానిటోబా విశ్వవిద్యాలయ జట్టుకి ఆడింది. 2019 మార్చిలో విరాట్‌నగర్‌లో నేపాల్ మీద దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ ఫైనల్ భారత్ 3-1తో గెలిచినప్పుడు మొదటి గోల్ ఆమెదే, దూరం నుంచి కొట్టిన ఫ్రీకిక్. అంతర్జాలంలో ఇప్పటికీ తిరిగేది ఆ గోలే. ఆ రోజు మిగతా ఆటంతా వెనకవరసలో ఆమె ఏం చేసిందో ఎవరూ కత్తిరించి పెట్టలేదు.

చాస్టెయిన్ 2016లో ఒక ప్రకటన చేసింది: తను చనిపోయాక మెదడుని పరిశోధనకి ఇస్తానని. ఏళ్ళ తరబడి తలతో బంతి కొట్టినవాళ్ళ మెదడుకి ఏమవుతుందో తెలుసుకోవడానికి. ఎత్తుగా వచ్చే బంతుల్ని తలతో బయటికి కొట్టడం ఎక్కువగా వెనకవరస పనే. దానికి పట్టికలో గడి లేదు కానీ లెక్క దేహంలో ఉంటుంది. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు క్రీడా ప్రముఖుల ఫలకాల్లో ఆమెది పెట్టారు. ముఖం ఆమె పోలికలో లేదని దేశమంతా నవ్వింది, తర్వాత మళ్ళీ చేయించారు. 2019 జులై 10న రోజ్‌బౌల్ బయట ఆమె కంచు విగ్రహం ఆవిష్కరించారు. మోకాళ్ళ మీద ఉంది, పిడికిళ్ళు బిగించి, చేతిలో చొక్కాతో.